వీపు చూసినవాడే వియ్యంకుడు

"అడివిలో ఉణ్ణి ఎక్కువన్నా. కాళ్ళూ గీళ్ళూ బాగా మూసీసుకోని రండి," అన్నాడు అప్పలసామి ఫోన్లో.

ఆ ఫోను సుంగై పెటానిలో వెంకటరావు ఇంటి భోజనాల బల్ల మీద, రసం గిన్నెకీ చేపల వేపుడుకీ మధ్య, స్పీకర్ పెట్టుకుని పడుకుని ఉంది. మాట ముగిసింది, ఫోను ఆగింది, వెంకటరావు చెయ్యి వేపుడు వైపు కదిలింది. ఎదురుగా అతని భార్య బంగారమ్మ మాత్రం కళ్ళు మూసుకుని, కచేరీలో మొదటి వరుసలో కూర్చున్నదానిలా తల ఊపుతోంది.

"విన్నారా? ఉన్ని అన్నారు. స్వెటర్ అన్లేదు, ఊల్ అన్లేదు. ఉన్ని. ఈ దేశంలో ఆ మాట విని ఎన్నేళ్ళయిందో."

బంగారమ్మ ప్రతి ఆదివారం తెలుగు సంఘం హాల్లో పిల్లలకి తెలుగు చెబుతుంది. పట్టీలో పదకొండు మంది, పలక దగ్గర ముగ్గురు. అందుకని అచ్చతెలుగు మాట ఎక్కడ వినబడినా, దారిలో పడున్న పువ్వులా వంగి ఏరుకుని కొప్పులో పెట్టుకుంటుంది.

"అడవిలో ఉన్ని ఏమిటే? గొర్రెలేమన్నా కాపలా కాస్తున్నాయా?" అన్నాడు వెంకటరావు.

"తెల్లారగట్ట అడవి చల్లగా ఉంటుంది. ఉన్ని బట్టలు కావాలి, కాళ్ళు మూసుకోవాలి. అంత వివరంగా చెప్పారు పాపం."

"సుంగై సిపుట్‌లో చలా? అక్కడ ఐసుముక్కకి కూడా చెమట పడుతుంది."

ఉన్నమాట చెప్పినా ఉన్నిమాట ముందు అది చెల్లలేదు. బంగారమ్మ లేచి లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. అందులో ఉన్ని అంటూ ఉన్నది ఒకే ఒక్కటి. కూతురు తనూష రెండేళ్ళ కిందట చలికాలంలో కొరియా చూడ్డానికి వెళ్ళినప్పుడు కొనుక్కున్న మేజోళ్ళ లాగు. పాదాల దగ్గర మొదలై నడుం దాకా పట్టేసే రకం. రంగు గులాబీ. దాని నిండా తెల్ల పిల్లి బొమ్మలు. ఒక్కొక్క పిల్లీ ఒక్కొక్క కన్ను మూసి కొంటెగా చూస్తోంది.

"ఇది వేసుకుంటే నేను వేటకి వెళ్ళినట్టుండదు. నన్ను వేటాడినట్టుంటుంది," అన్నాడు వెంకటరావు.

అసలు వెంకటరావుకీ వేటకీ చుట్టరికం లేదు. సముద్రం దాటి వచ్చిన తాత ఇక్కడి రబ్బరు తోటలో కిరాణీ, అంటే తోట గుమాస్తా. తండ్రీ కిరాణీయే. తాను ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పెద్ద గుమాస్తా. మూడు తరాలుగా కలం పట్టిన చేతులు. కత్తి పట్టింది మామిడికాయ తరగడానికే, అదీ భార్య చూడనప్పుడు. ఇలాంటి మనిషి ఇప్పుడు అడవిపందిని తరమడానికి వెళ్ళాల్సి వచ్చిందంటే, కారణం తనూష.

తనూష ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. అదే ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే విక్నేష్ అనే కుర్రాడూ తనూ అయిదేళ్ళుగా ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. విక్నేష్ అప్పలసామి కొడుకు. అప్పలసామి వెంకటరావు తాత కిరాణీగా ఉన్న తోటలోనే పనిచేసిన రబ్బరు కూలీల మనవడు, ఇప్పుడు సుంగై సిపుట్ పక్కన ఆయిల్‌పామ్ తోటను ఆనుకుని నాలుగెకరాల్లో కర్రపెండలం వేస్తాడు. భార్య పోయింది. ఇంటికి పెద్ద అతని తల్లి దేవుడమ్మ, ఎనభై దాటిన మనిషి. పెళ్ళి మాటలకి ఎప్పుడు రమ్మంటారని అడిగితే, ఆ ముసలావిడ ఒకటే కబురు పంపింది: "ముందు వేటకి రమ్మనండి. వేటకి రాకుండా వియ్యమేటి?" అంటే, పంది పడితే గానీ పందిరి పడదన్నమాట.

ఇంతలో తనూష డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. తండ్రి చేతిలో తన లాగూ, తల్లి మొహంలో గెలుపూ చూసి, సంగతి విని, హెల్మెట్ తియ్యకుండానే సోఫాలో పడి నవ్వింది.

"అమ్మా, ఆయన అన్నది తమిళం ఉణ్ణి. కుక్క చెవిలో ఉంటుందే, రక్తం తాగి గింజలా ఉబ్బిపోతుంది. అది లా," అంది, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర లా తగిలించి.

"పిడుదు," అన్నాడు వెంకటరావు నీరసంగా.

పిడుగు పడితే ఊరంతా వింటుంది. పిడుదు పడితే ఎవరి మీద పడిందో వాడికే తెలియదు. అడవిలో గడ్డి కొస మీద కూర్చుని, పోయేవాడి కాలు తగలగానే ఎక్కేసి, మెత్తటి చోటు చూసుకుని తల దించేస్తుందిట. జ్వరాలు కూడా తెస్తుందిట. తనూష ఫోను తీసి చదువుతూ పోయింది: లేత రంగు బట్టలు వేసుకోవాలి, పాకితే కనబడుతుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపాలి. బూట్లకీ బట్టలకీ మందు కొట్టుకోవాలి. తిరిగొచ్చాక చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక అన్నీ వెతకాలి. పట్టుకుని ఉంటే కాల్చకూడదు, నూనె పోయకూడదు. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి.

అక్కడిదాకా చదివి ఆగింది. కింద ఇంకో వరుస ఉంది. తల్లి వైపు భయంగా చూసింది.

"చదవవే," అంది బంగారమ్మ.

"కొందరు వేటగాళ్ళు ప్యాంటు లోపల ఆడవాళ్ళ మేజోళ్ళ లాగు వేసుకుంటారట. పురుగు లోపలికి దూరలేదట."

బంగారమ్మ గులాబీ రంగు లాగును మడత పెట్టి మొగుడి ఒళ్ళో పెట్టింది. తప్పుగా విన్నా ఒప్పుగా తేలడం ఆవిడ జాతకంలోనే ఉంది.

ఆ ఆదివారం తెలుగు క్లాసుకి సెలవు. ముగ్గురు పిల్లలూ పండగ చేసుకున్నారు.

తెల్లవారుజామున బయల్దేరే ముందు వెంకటరావు లాగులోకి దిగాడు. దిగడం అనేది మాటవరసకి. మంచం మీద వెల్లకిలా పడి, కాళ్ళు పైకెత్తి, భార్య ఒకవైపు కూతురు ఒకవైపు లాగితే, లాగు లాగగా లాగగా పొట్ట దాటి పక్కటెముకల దాకా వచ్చి ఆగింది. అద్దంలో చూసుకుంటే పొట్ట మీద పిల్లులు సాగి పులులైనాయి.

"అంచు దగ్గర సందుంది. బనీను పైకి లేస్తే అందులోంచి దూరుతుంది," అంది బంగారమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"సూదెందుకు?"

"పిడుదు మిమ్మల్ని కుట్టకముందే నేను కుట్టేస్తాను."

బనీను అంచునీ లాగు అంచునీ కలిపి చుట్టూ కుట్టేసింది. మంచి కుట్టు, రెండు పేటల దారం. ఇప్పుడు వెంకటరావు మెడ నించి బొటనవేలి దాకా ఒకే గుడ్డ.

"మరి ఒంటికి వెళ్ళాల్సి వస్తే?"

"నీళ్ళు తాగకండి."

పైన లేత రంగు బట్టలన్నారు కదా అని తెల్ల ప్యాంటు, తెల్ల పొడుగు చేతుల చొక్కా వేశారు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపారు. మందు కొట్టారు. కనుబొమలు దిద్దుకునే చిన్న పట్టకారు తనూష తన సంచిలోంచి తీసి తండ్రి జేబులో పెట్టింది. పెట్టి, ఆ జేబు మీద చెయ్యి తియ్యకుండా అంది:

"నాన్నా, ఈ ఒక్కరోజు. వాళ్ళు ఏది చెయ్యమంటే అది చెయ్యి. కాదనకు. అయిదేళ్ళు ఆగాం. ఆ బామ్మ వద్దంటే విక్నేష్ దాటడు."

"నేనెందుకు కాదంటానే. పంది కాదంటే తప్ప," అన్నాడు వెంకటరావు.

ముగ్గురికీ రెండు గంటల ప్రయాణం. ఏడయ్యేసరికి సుంగై సిపుట్ దాటి, ఎర్రమట్టి దారిన అప్పలసామి ఇంటి ముందు కారు ఆగింది. అరుగు మీద వక్క కత్తిరించుకుంటున్న దేవుడమ్మ, కారు దిగిన తెల్లటి ఆకారాన్ని పైనించి కిందికి చూసి, అడకత్తెర ఆపింది.

"ఎవులు పోనారు బాబూ?"

"ఎవరూ పోలేదమ్మా. వేటకి వచ్చాను."

"నానింకా సావింటికి ఎల్లొస్తన్నావనుకున్నాను," అని ముసలావిడ మళ్ళీ వక్క కత్తిరించింది. కానీ కళ్ళు మాత్రం ఆయన సాక్సుల మీదే ఉన్నాయి. వాళ్ళ కాలంలో తెల్లచొక్కా, సాక్సులూ వేసుకుని పొద్దున్నే వచ్చి కూలీల పేర్లు పిలిచేవాడు కిరాణీ ఒక్కడే.

అప్పలసామి నిక్కరు మీద ఉన్నాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటిపైన పొగాకు నానబెట్టిన నీళ్ళు పూసుకున్న తొడలు. "మా తాత కాడ్నించీ ఇదే మందన్నా. ఉణ్ణికి మత్తొచ్చి పడిపోద్ది. మీకూ రాయమంటారా?"

"వద్దొద్దు, నేను అన్ని ఏర్పాట్లూ చేసుకునే వచ్చాను," అన్నాడు వెంకటరావు కంగారుగా. బంగారమ్మ గర్వంగా దగ్గింది. తనూష కొబ్బరిచెట్టు మొవ్వ వైపు చూసింది.

వేటకి నలుగురు. తుపాకీ లైసెన్సు ఉన్న గోవిందన్, అప్పలసామికి పాత స్నేహితుడు, రెండు కుక్కలతో వచ్చాడు. అప్పలసామి, విక్నేష్ చెరో పక్క. వెంకటరావుకి ఖాళీ బిస్కెట్ డబ్బా, ఒక కర్ర ఇచ్చి ఆయిల్‌పామ్ వరుస చివర నిలబెట్టారు. పంది ఆ వైపు వస్తే డబ్బా కొట్టాలి, అది గోవిందన్ వైపు మళ్ళుతుంది. మూడు తరాల గుమాస్తాగిరీలో ఆయనకి దొరికిన మొదటి వాయిద్యం అది.

మొదటి గంటలో పంది రాలేదు, చెమట వచ్చింది. ఉన్ని తడిసింది. తడిసిన ఉన్ని బిగిసింది. బిగిసిన ఉన్ని గీరింది. గీరిన చోట గోక్కుందామంటే పైన ప్యాంటు, లోపల పిల్లులు. దానికి తోడు బంగారమ్మ మాట కాదని దారిలో తాగిన కాఫీ, తనకి రావాల్సిన దారి కోసం లోపల వెతుక్కుంటోంది. తెల్లప్యాంటు మీద రెండు నల్లటి చుక్కలు పైకి పాకుతూ కనిపించాయి. జేబులోంచి పట్టకారు తీసి ఒక్కొక్కదాన్నీ పట్టి, ఆఫీసులో గుండుసూది ఏరినంత శ్రద్ధగా పారేశాడు. లేత రంగు మాట నిజమే. ఆ సంతోషంలో ఉండగా పొదలు విరిగాయి.

పంది. గున్న ఏనుగులా ఉందని తర్వాత అందరికీ చెప్పాడు గానీ, నిజానికి స్కూలు బల్లంత ఉంది. నేరుగా ఆయన మీదికే వస్తోంది. వెంకటరావు డబ్బా మాట మరిచిపోయి, పరిగెత్తుదామని కాలెత్తాడు. కాలు లేవలేదు. మోకాళ్ళ దగ్గర ఉన్ని పట్టేసింది. ఎత్తిన కాలు ఎత్తినచోటే ఆగింది, చేతిలో కర్ర గాల్లో ఆగింది, నోరు తెరిచినచోటే ఆగింది. అడవిలో సున్నం వేసిన బొమ్మలా నిలబడ్డ ఆ తెల్లటి దాన్ని చూసి పందికే అనుమానం వచ్చి, ఒక్క ఊపున పక్కకి తిరిగింది. గోవిందన్ తుపాకీ పేలింది.

"అడుగు కదల్లేదు, సూసినావా?" అప్పలసామి పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "మీదికొస్తా ఉంటే అడుగు కదల్లేదురా. నానైతే సెట్టెక్కీసేవోడ్ని బావా."

బావా. మొదటిసారి. పొద్దున్నుంచీ అన్నా, అన్నా అన్నవాడు బావా అన్నాడు. విక్నేష్ నేల చూస్తూ నవ్వుకున్నాడు. కదలకపోవడం వేరు, కదల్లేకపోవడం వేరు అని చెప్పే అవసరం వెంకటరావుకి కనబడలేదు.

పన్నెండు కాకముందే ఇంటికొచ్చారు. వాకిట్లో గోవిందన్ పందిని కోసే పనిలో పడ్డాడు. వంటింట్లో బంగారమ్మ కొబ్బరి తురుముతోంది, తనూష మసాలా నూరుతోంది. ఇంటి వెనక కుళాయి దగ్గర పొడుగాటి చెక్కబల్ల వేసి ఉంది. దేవుడమ్మ వచ్చి దాని పక్కన పసుపు రాసిన ఇత్తడి గిన్నె పెట్టింది. అందులో నూనె, తమలపాకు. ఆ ఏర్పాటు చూసి వెంకటరావు, తలంటుకి కాబోలు అనుకున్నాడు.

అప్పలసామి చొక్కా విప్పేసి బల్ల మీద ఒకవైపు కూర్చుని, రెండో వైపు అరచేత్తో తట్టాడు.

"రా బావా. సొక్కా ఇప్పు. ఉణ్ణి సూసుకుందాం. నీ ఈపు నాను సూస్తాను, నా ఈపు నువ్వు సూడు."

వీపు చూపాలంటే విప్పాలి. విప్పితే పిల్లులు బయటపడతాయి. పైగా ఉత్త చొక్కాతో పోదు. బనీను లాగితే లాగూ వస్తుంది, లాగు లాగితే బనీనూ వస్తుంది. పందికి ఎదురు నిలిచిన వీరుడు, గులాబీ రంగు ఉన్నిలో, ఒంటి నిండా కన్నుకొట్టే పిల్లులతో కనబడితే ఇంకేముంది? ఆ బావా అన్న పిలుపు మళ్ళీ వినబడుతుందా?

"నాకేం లేవండి," అన్నాడు వెంకటరావు.

"సూడకుండా ఎలా తెలుస్తాది?"

"నాకు తెలుస్తుంది. అవసరం లేదు."

"ఆనవాయితీ బావా. రెండు నిమిసాలు."

"నేను చొక్కా విప్పను," అన్నాడు వెంకటరావు, కొంచెం గట్టిగానే. కాఫీ బాధలో ఉన్న మనిషి మాట మెత్తగా రావడం కష్టం.

దేవుడమ్మ వంగి ఇత్తడి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పలసామి విప్పిన చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు. గుండీలు ఒక్కొక్కటే, పైదాకా పెట్టుకున్నాడు.

"సరే సార్," అన్నాడు.

అన్నా కాదు, బావా కాదు. సార్. వెంకటరావుకి పంది ఎదురొచ్చినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఏం జరిగిందో మాత్రం తెలియలేదు.

వాకిట్లోకి వచ్చేసరికి గోవిందన్ ఒక ప్లాస్టిక్ సంచిలో మాంసం కట్టి కారు బానెట్ మీద పెట్టి ఉన్నాడు. "మీ వాటా సార్," అన్నాడు, మొహం చూడకుండా. ఇంట్లో కూర ఉడుకుతోంది, ఆకులు కడిగి పెట్టి ఉన్నాయి. ఈయన వాటాకి మాత్రం మూట కట్టారు. అరుగు మీంచి దేవుడమ్మ గొంతు, ఎవరితోనో కాదు, గాలితోటే అన్నట్టు వినిపించింది:

"కిరాణీ మనవడు కదేటి. కూలోల్ల ముందు సొక్కా ఇప్పుతాడా? ఆల తాత టోపీ కూడా తియ్యలేదు."

తనూష వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. చేతికి మసాలా, కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళు మసాలావి కావు.

"ఏం చేశావు నాన్నా?"

"ఏం చెయ్యలేదే. అదే, ఏమీ చెయ్యలేదు. వీపు చూపించమన్నాడు, వద్దన్నాను."

ఆమె వెనకే విక్నేష్ వచ్చాడు. ఆ కుర్రాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నాలుక మీద నిలవదు. వెతుక్కుని వెతుక్కుని చెప్పాడు. "అంకుల్, మా తోటలో పాత రూల్ అంకుల్. పెళ్ళి మాటకి ముందు ఇద్దరు నాన్నలూ వేటకి ఎల్తారు. వచ్చినాక ఒకల ఈపు ఒకలు సూడాలి. ఈపు సూపిస్తే ఊ అన్నట్టు. సూపించకపోతే..." మిగతా మాట దొరకలేదో, దొరికినా అనలేదో, ఆగిపోయాడు. "మీకు తెలుసనుకున్నాం. అందరి తెలుగోల్లకీ ఉంటాదనుకున్నాం."

అందరికీ కాదు. కూలీలు ఒక వరుస ఇళ్ళలో, కిరాణీ వేరే బంగళాలో. ఒకే తోట, ఒకే భాష, నడుమ ఒక కంచె. అవతల పుట్టిన ఆనవాయితీ ఇవతలికి రాలేదు. కూలీల లెక్కలో, ఎవరి వీపు వారికి కనబడదు కాబట్టి, కనబడనిచోట ఎవర్ని నమ్ముతావన్నదే చుట్టరికం. వెంకటరావు తాత ఎవరికీ వీపు చూపలేదు. పేర్లు పిలవడం అయ్యాక తిరిగి వెళ్ళిపోయేటప్పుడు కూలీలంతా చూసింది ఆ తెల్లచొక్కా వెనక భాగమే.

వెంకటరావు ఒక్క క్షణం కూతురి మొహం చూశాడు. తర్వాత, బిగుసుకున్న ఉన్నితో చిన్న చిన్న అడుగులేస్తూ, నేరుగా అరుగు దగ్గరికి నడిచాడు.

"అమ్మా, నాకో కత్తెర ఇప్పించండి."

దేవుడమ్మ తలెత్తింది. "కత్తెరెందుకు?"

"వీపు చూపించడానికి."

అప్పలసామి గడపలోకి వచ్చాడు. గోవిందన్ కత్తి కింద పెట్టాడు. బంగారమ్మ కొబ్బరి చిప్పతోనే బయటికొచ్చి, మొగుడి చెయ్యి గుండీ మీద చూసి, "వద్దండీ," అంది సన్నగా. ఆయన ఆగలేదు. పై గుండీ విప్పాడు, రెండోది, మూడోది. తెల్లచొక్కా తొలగింది. బనీను కనబడింది. బనీను ముగిసిన చోట ఎర్రదారం కుట్టు కనబడింది. కుట్టు కింద, పక్కటెముకల నించి మొదలై ప్యాంటులోకి దిగుతూ, సాగిపోయిన మొహాలతో, వరసగా కన్ను కొడుతూ, పిల్లులు.

కుక్క ఒకటి మొరిగి, సందేహించి, మానేసింది.

"నేను విప్పనన్నది పొగరుతో కాదమ్మా, సిగ్గుతో," అన్నాడు వెంకటరావు. "మా తాత టోపీ తియ్యలేదు, నిజమే. ఆయన టోపీ కింద ఏముందో నాకు తెలియదు. నా చొక్కా కింద ఇదుంది. పిల్లని ఇవ్వడానికి వస్తూ పిల్లుల్ని వేసుకొచ్చాను. వీపు చూడటమంటే మాట ఇవ్వడమని నాకెవరూ చెప్పలేదు. తెలిస్తే, ఇవి కాదు, కోతి బొమ్మలున్నా విప్పేవాణ్ణి."

ముసలావిడ చెయ్యి చాపింది. "ఇలా రా."

దగ్గరికెళ్ళాడు. ఆవిడ కుట్టు మీద వేలు పెట్టి నడుం చుట్టూ తిప్పి చూసింది. "ఎవులు కుట్టినారు?"

"నేనేనండి," అంది బంగారమ్మ.

"గట్టి కుట్టు," అంది దేవుడమ్మ. పక్కనున్న అడకత్తెర తీసుకుంది.

పొద్దున్నించీ అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన మనిషి, చివరికి నిజంగానే అడకత్తెర కిందికి వచ్చాడు. టక్, టక్ అని ఆవిడ ఒక్కొక్క కుట్టే కత్తిరిస్తుంటే, పొట్ట కొంచెం కొంచెంగా స్వతంత్రం తెచ్చుకుంది. సగంలో ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని అప్పలసామి ముందుకొచ్చాడు. ఏడుపు కాదు. పళ్ళు లేని నోటితో శబ్దం లేకుండా నవ్వుతోంది. ఆఖరి కుట్టు తెగేసరికి శబ్దమూ వచ్చింది. అప్పుడు గోవిందన్ నవ్వాడు, విక్నేష్ నవ్వాడు, తనూష ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

"ఒక్క నిమిషం, ముందు అటు వెళ్ళొస్తాను," అని వెంకటరావు రెండు చేతులతో లాగు పట్టుకుని మరుగుదొడ్డి వైపు పరిగెత్తాడు. పంది కోసం పరిగెత్తని మనిషి కాఫీ కోసం పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి నడుముకి విక్నేష్ కైలీ లుంగీ, ఒంటి మీద ఏమీ లేదు. ఇత్తడి గిన్నె బల్ల పక్కన మళ్ళీ వచ్చి ఉంది. ఆయన బల్ల ఎక్కి, అప్పలసామి వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చల్లటి నూనెచెయ్యి భుజాల మీద, వెన్ను మీద, చెవుల వెనక నెమ్మదిగా తిరిగింది.

"ఏటి నేదు బావా. ఒక్కటీ నేదు."

బావా అన్న మాట నూనెకన్నా చల్లగా దిగింది.

తర్వాత అప్పలసామి వంతు. పొగాకు మందు మోకాలి పైన ఏ మేరకు పనిచేసిందో గానీ, వీపు మధ్యలో, తన చెయ్యి ఎటు తిప్పినా అందని చోట, మిరియపుగింజంత పిడుదు హాయిగా తల దించుకుని ఉంది. దేవుడమ్మ నూనె పోస్తానంది. వెంకటరావు వద్దన్నాడు, కాలిస్తానన్న గోవిందన్‌నీ ఆపాడు. ప్యాంటు జేబులోంచి పట్టకారు తెప్పించుకుని, చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా, నలపకుండా, తిన్నగా లాగాడు. తలతో సహా వచ్చింది. మూడు తరాల గుమాస్తా చేతులు మరి, చిన్న చుక్క కూడా తప్పిపోదు.

"నొప్పే తెలీలేదు," అన్నాడు అప్పలసామి తిరిగి చూస్తూ. "ఈ సామానేటి?"

"మీ కోడలిది. కనుబొమలు పీక్కునేది," అన్నాడు వెంకటరావు.

తనూష చేతుల్లో మొహం దాచుకుంది, కోడలన్నందుకో కనుబొమలన్నందుకో తెలియదు. దేవుడమ్మ తమలపాకు తీసి ఇద్దరు నాన్నల చేతుల్లోనూ పెట్టింది. కారు బానెట్ మీద సంచి మళ్ళీ వంటింట్లోకి పోయింది.

అందరూ ఆకుల ముందు కూర్చున్నాక ముసలావిడ అడిగింది. "అది సరే. ఈ ఎండల్లో ఉన్ని ఏసుకోమని మీకు సెప్పినోడెవుడు?"

బంగారమ్మ, తనూష, వెంకటరావు ముగ్గురూ కలిసి ఒకేసారి అప్పలసామి వైపు చూశారు. ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. "నానా?"

అప్పుడు తనూష మొదటినించీ చెప్పింది, అందరికీ, తెలుగులో ఒకసారి, గోవిందన్ కోసం తమిళంలో ఒకసారి: ఫోన్లో ఆయన అన్న ఉణ్ణి ఎలా అమ్మ చెవిలో ఉన్ని అయిందో, ఉన్ని తప్పని తేలాక కూడా ఎలా ఒప్పయి కూర్చుందో, దానికి కుట్టు ఎందుకు పడిందో. గోవిందన్ తింటున్న ఆకు మీదికి వంగిపోయి, లేవడానికి చాలాసేపు పట్టింది. దేవుడమ్మకి అంతా ఒకసారికే ఎక్కింది గానీ, బాగుందని రెండోసారి చెప్పించుకుంది.

"అయితే వదినా, తప్పు విన్నది మీరన్నమాట," అన్నాడు అప్పలసామి.

బంగారమ్మ కూర వడ్డిస్తున్న గరిటె ఆపకుండానే, క్లాసులో అక్షరం దిద్దినంత ఓపిగ్గా అంది: "లెక్క చూడండి అన్నయ్యగారూ. ఉన్ని లేని మీ వీపు మీద ఉణ్ణి ఉంది. ఉన్ని ఉన్న మావారి వీపు మీద ఉణ్ణి లేదు."